తీగ విమానంలోకి తిరిగొచ్చిన బ్యాటరీ

కంట్రోల్ లైన్ మోడల్ విమానం గాలిలో ఎగిరినా దాని పగ్గం నేల మీద నిలబడ్డ మనిషి చేతిలోనే ఉంటుంది. సాధారణంగా 15 నుంచి 21 మీటర్ల పొడవుండే రెండు సన్నటి ఉక్కు తీగలు ఎడమ రెక్క కొస నుంచి బయటికి వచ్చి ఒక పిడికి చేరతాయి. విమానం అతని చుట్టూ గుండ్రంగా తిరుగుతుంటే అతనూ దానితో పాటు తిరుగుతుంటాడు. లోపల తీగల మొదళ్లు బెల్‌క్రాంక్ అనే చిన్న పలకకు బిగించి ఉంటాయి. పిడిని పైకి వంచితే బెల్‌క్రాంక్ ఒక వైపు తిరిగి తోకలోని ఎలివేటర్‌ను లేపుతుంది, కిందికి వంచితే దించుతుంది. రెండు తీగలు మోయగలిగిన ఆజ్ఞ ఇదొక్కటే: పైకి, లేదా కిందికి.

విన్యాసాలు చేసే మోడల్‌కు ఈ ఒక్క ఆజ్ఞ చాలు. స్కేల్ మోడల్‌కు చాలదు. స్కేల్ మోడల్ అంటే ఏదో ఒక అసలు విమానాన్ని కొలతల ప్రకారం కుదించి, రంగు, గుర్తులు, రివెట్ తలలు కూడా తప్పకుండా కట్టిన ప్రతిరూపం. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య దీన్ని ఎఫ్4బి తరగతిగా గుర్తించింది. స్కేల్ మోడళ్ల తొలి ప్రపంచ పోటీలు 1970లో ఇంగ్లండ్‌లో జరిగాయి. న్యాయనిర్ణేతలు ముందు నేల మీద నిలిపిన విమానాన్ని ఫోటోలతో, నమూనా పటాలతో పోల్చి మార్కులు వేస్తారు, ఆ తరవాత ఎగిరే తీరు చూస్తారు. అసలు విమానం రన్‌వే మీద నెమ్మదిగా నడుస్తుంది, వేగం పుంజుకుని లేస్తుంది, చక్రాలు ముడుచుకుంటుంది, దిగేముందు ఫ్లాపులు దించుతుంది. యుద్ధవిమానమైతే బాంబులు కూడా వదులుతుంది. ఇవన్నీ చేసి చూపిన మోడల్‌కు ఎక్కువ మార్కులు. ఒక్క ఆజ్ఞ మోసే తీగల మీద ఇన్ని పనులు ఎలా చేయించాలన్న ప్రశ్నకు దశాబ్దాల పాటు వెతికిన జవాబులే ఈ చరిత్ర. ఆ జవాబుల వెంట బ్యాటరీ ఒకసారి విమానం వదిలి వెళ్లింది, మళ్లీ ఎక్కింది.

కంట్రోల్ లైన్ పుట్టిల్లు అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రం. ఓబా సెయింట్ క్లెయిర్ అనే యువకుడు 1936లో తీగలతో ఎలివేటర్‌ను కదిలిస్తూ మోడల్‌ను ఎగరేశాడు. దాన్ని వ్యాపారంగా మార్చి ప్రపంచానికి పరిచయం చేసినవాడు మాత్రం అదే రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరవాసి జిమ్ వాకర్. 1940లో ఆయన కంపెనీ ఫైర్‌బాల్ అనే మోడల్‌ను అమ్మకానికి తెచ్చింది. తన పద్ధతికి యూ-కంట్రోల్ అని పేరు పెట్టి 1942లో పేటెంట్ పొందాడు. మూడు విమానాలను ఒకేసారి, రెండు చేతులతో రెండింటినీ తలకు కట్టుకుని మూడోదాన్నీ తిప్పి జనాన్ని అబ్బురపరిచేవాడు. టెక్సస్‌లో విక్టర్ స్టాంజెల్ మరో దారి పట్టాడు. ఆయన మోనోలైన్ పద్ధతిలో ఉన్నది ఒకే తీగ. దాన్ని పిడి దగ్గర మెలితిప్పితే ఆ మెలిక విమానందాకా పాకి ఎలివేటర్‌ను కదిలిస్తుంది. తీగ ఒక్కటే కాబట్టి గాలి నిరోధం తక్కువ, అందుకే వేగం పోటీల వాళ్లు దాన్ని ఆదరించారు. వాకర్ పేటెంట్ మీద 1955లో కాక్స్ కంపెనీతో జరిగిన కోర్టు వివాదంలో సెయింట్ క్లెయిర్ ముందుగా చేసిన పని బయటికొచ్చింది, పేటెంట్ నిలవలేదు. ఆ తీర్పుతో కంట్రోల్ లైన్ ఎవరైనా తయారుచేసి అమ్మగల వస్తువైంది.

ఆ తొలి విమానాల్లో బ్యాటరీ ఉండేది. రేడియో కోసం కాదు, ఇంజను కోసం. బిల్ బ్రౌన్ 1934లో మార్కెట్లోకి తెచ్చిన బ్రౌన్ జూనియర్ లాంటి చిన్న పెట్రోలు ఇంజన్లు మోటారు సైకిల్ ఇంజన్‌లాగే స్పార్క్ ప్లగ్‌తో నడిచేవి. నిప్పురవ్వ పుట్టాలంటే విమానంలోనే ఒక కాయిల్, ఒక కండెన్సర్, రెండు పెన్‌సెల్ బ్యాటరీలు ఉండాలి. ఈ మూడింటి బరువు చిన్న మోడల్‌కు భారమే. పైగా వైరింగ్‌లో ఎక్కడ వదులైనా ఇంజను ఆగిపోయేది.

1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్‌ను అమ్మకానికి తేవడంతో ఈ భారం తొలగింది. ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట ఉన్న ప్లగ్‌ను స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం నేల మీది ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో ఎర్రగా కాలుస్తారు. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేస్తారు. మిథనాల్ ఆవిరికీ ప్లాటినానికీ జరిగే రసాయన చర్య, దహనం నుంచి వచ్చే వేడి కలిసి ఆ చుట్టను చల్లారనివ్వవు. కాయిల్, కండెన్సర్, సెల్స్ అన్నీ విమానం నుంచి దిగిపోయాయి. కంట్రోల్ లైన్ ఇంటింటి ఆట కావడానికి వాకర్ తీగలు ఎంత కారణమో ఆర్డెన్ ప్లగ్ కూడా అంతే కారణం. దీన్ని చాలామంది మరిచిపోతుంటారు.

అదే కాలంలో రేడియో కంట్రోల్ ఏ స్థితిలో ఉందో చూస్తే, తీగ విమానాల వాళ్లు దాని జోలికి ఎందుకు పోలేదో తెలుస్తుంది. మిషిగన్‌కు చెందిన కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్ 1930ల చివర్లో గఫ్ అనే పెద్ద మోడల్‌ను రేడియోతో నడిపారు. ఆ విమానం తరవాత స్మిత్సోనియన్ మ్యూజియం చేరింది. అప్పటి రిసీవర్‌లో ఉండేవి వాక్యూమ్ ట్యూబులు. వాటి ఫిలమెంటును వేడి చేయడానికి ఒక బ్యాటరీ, ప్లేటుకు 45 వోల్టులో అంతకు మించో ఇచ్చే మరో బ్యాటరీ, రిలేకు, చుక్కానిని కదిలించే ఎస్కేప్‌మెంటుకు ఇంకొకటి కావాలి. ఇన్ని మోసినా అది చేసే పని చుక్కానిని ఒక పక్కకో రెండో పక్కకో తోయడమే. రెండు తీగలు ఏ బరువూ లేకుండా, ఏ ఖర్చూ లేకుండా, క్షణం ఆలస్యం కాకుండా పనిచేస్తున్నప్పుడు ఆ పెట్టెల కట్టను ఎవరు మోస్తారు?

స్కేల్ వాళ్లు ముందుగా మూడో తీగను ఆశ్రయించారు. దీనికి దారి చూపింది నేవీ క్యారియర్ అనే పోటీ. అమెరికా నౌకాదళం ఆ దేశపు జాతీయ మోడల్ పోటీలకు ఆతిథ్యం ఇచ్చిన రోజుల్లో ఇది పెరిగింది. విమానం కొన్ని చుట్లు వీలైనంత వేగంగా, కొన్ని చుట్లు వీలైనంత నెమ్మదిగా ఎగిరి, విమానవాహక నౌక డెక్‌లా కట్టిన వేదిక మీద తాళ్లకు కొక్కెం తగిలించుకుని దిగాలి. ఇంజను వేగాన్ని గాల్లో ఉండగానే మార్చలేకపోతే ఈ పోటీయే లేదు. అందుకే పిడికి ఒక మీట పెట్టి, మూడో తీగను ప్రత్యేకమైన బెల్‌క్రాంక్ ద్వారా కార్బ్యురేటర్ థ్రాటిల్‌కు కలిపారు. ఎలివేటర్ ఎటు కదిలినా థ్రాటిల్ చలించకుండా ఉండేలా ఆ బెల్‌క్రాంక్ అమరిక ఉంటుంది. ఎంతో తెలివైన యంత్రం అది. స్కేల్ వాళ్లు దాన్ని అలాగే తీసుకున్నారు. అయితే మూడో తీగతో వచ్చేది ఇంకొక్క ఆజ్ఞే. తీగల మీద గాలి నిరోధం మాత్రం సగం పెరుగుతుంది. చక్రాలకు నాలుగోది, బాంబులకు ఐదోది అంటూ పోతే విమానం తీగలను లాగలేక చతికిలపడుతుంది.

తరవాతి ఆలోచన సహజంగానే వచ్చింది: తీగలు ఉక్కువి, వాటి గుండా విద్యుత్తు పోతుంది కదా. రెండు తీగలకూ పలచని ఇన్సులేషన్ పూసి, ఎగరేసేవాడి నడుముకు బ్యాటరీ కట్టి, విమానంలో చిన్న మోటారు పెట్టారు. లూప్ కొట్టినప్పుడు రెండు తీగలూ ఒకదానికొకటి చుట్టుకుని రాసుకుంటాయి కాబట్టి పూత లేకపోతే షార్ట్ సర్క్యూట్ తప్పదు. రెండు పనులు కావాలంటే డయోడ్లు వాడారు: ధన, రుణ ధ్రువాలను ఒక రకంగా కలిపితే ఒక మోటారు, తారుమారు చేస్తే రెండోది తిరుగుతుంది. ఈ పద్ధతికి అడ్డుపడింది ఉక్కు గుణమే. రాగితో పోలిస్తే ఉక్కు విద్యుత్తును బాగా అడ్డుకుంటుంది. అర మిల్లీమీటరు కూడా మందం లేని తీగ 18 మీటర్ల పొడవున్నప్పుడు దాని నిరోధం పదుల ఓముల్లో ఉంటుంది. మోటారుకు కావలసిన విద్యుత్తును దాని గుండా పంపితే వోల్టేజిలో పెద్ద భాగం దారిలోనే వేడిగా పోతుంది. అందువల్ల తీగల మీద బలాన్ని పంపడం మానేసి సంకేతాన్ని మాత్రం పంపే పద్ధతులు వచ్చాయి. బలం ఇచ్చే బ్యాటరీ విమానంలోనే ఉండాలి. ఆర్డెన్ దింపిన బ్యాటరీ అలా మళ్లీ విమానం ఎక్కింది, ఈసారి ఇంజను కోసం కాక, సంకేతాన్ని బట్టి విమాన భాగాలను కదిలించే చిన్న మోటారు యంత్రాలైన సర్వోల కోసం.

సర్వో ఈ కథలోకి రేడియో కంట్రోల్ నుంచే వచ్చింది. ట్రాన్సిస్టర్లు ట్యూబుల స్థానం ఆక్రమించాక అధిక వోల్టేజి బ్యాటరీ అక్కర లేకపోయింది. 1960ల మొదట్లో అమెరికాలో డిజిటల్ ప్రొపోర్షనల్ పద్ధతి రూపుదిద్దుకుంది. మీటను ఎంత కదిలిస్తే సర్వో చెయ్యి అంతే కదులుతుంది. సర్వోకు సెకనుకు సుమారు 50 సార్లు ఒక విద్యుత్ స్పందన అందుతుంది. ఆ స్పందన ఒక మిల్లీసెకను ఉంటే ఒక కొసకు, రెండు మిల్లీసెకన్లు ఉంటే మరో కొసకు, ఒకటిన్నర అయితే నడిమికి వెళుతుంది. ఈనాటికీ హాబీ సర్వోల భాష ఇదే. వీటికి ఆధారం నాలుగు నికెల్-కాడ్మియం సెల్స్ కట్ట, 4.8 వోల్టులు. స్వీడన్ శాస్త్రవేత్త వాల్డెమార్ యుంగ్నర్ 1899లో కనిపెట్టిన సెల్‌కు మూసి ఉంచగల రూపం వచ్చాకే అది మోడల్ విమానాలకు పనికొచ్చింది.

ఇన్ని వచ్చినా 27, 72 మెగాహెర్ట్జ్ సెట్లు తీగ విమానంలో ఇమడలేదు. 72 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, కాబట్టి యాంటెనా మీటరు పొడవున వేలాడాలి. స్కేల్ మోడల్ మీద అలా వేలాడే తీగ కంటికి ముల్లే. ఒకే పౌనఃపున్యంలో ఇద్దరు ట్రాన్స్‌మీటర్ ఆన్ చేస్తే ఇద్దరికీ గండమే. పైగా పక్కనే ఉక్కు తీగలు, లోహం లోహానికి తగిలే బెల్‌క్రాంక్ కీళ్లు రేడియో రొదకు కారణమవుతాయి.

2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక ఈ అడ్డంకులన్నీ ఒకేసారి తొలగాయి. 2005లో స్పెక్ట్రమ్ డీఎక్స్6 సెట్‌తో ఇది చిన్న మోడళ్ల వాళ్లకు అందింది, మరుసటి ఏడాదే పెద్దవాటికీ వచ్చింది. తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లే కాబట్టి యాంటెనా పొడవు మూడు సెంటీమీటర్లకు కుదించుకుపోయింది. సంకేతం ఒకే పౌనఃపున్యానికి కట్టుబడక విస్తరించి వెళుతుంది. రిసీవర్‌ను ఒక ట్రాన్స్‌మీటర్‌తో ముడివేశాక అది వేరే దాని మాట వినదు. అగ్గిపెట్టె కంటే చిన్న రిసీవర్, పది గ్రాముల లోపు సర్వోలు దొరికాక అమెరికాలోని అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ కూడా కంట్రోల్ లైన్ స్కేల్‌లో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోను అనుమతించింది. అయితే ఒక కట్టుబాటు ఉంది: విమానాన్ని పైకీ కిందికీ నడిపే పని తీగలదే. రేడియో చేసేవి మిగతా పనులు.

ఈ సామాను అమర్చడం రేడియో విమానంలో అమర్చడం వంటిది కాదు. కారణం విమానం తిరిగే తీరులోనే ఉంది. రెండు కిలోల మోడల్ 18 మీటర్ల తీగల మీద సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకుందాం. ఒక చుట్టు ఐదున్నర సెకన్లకు కాస్త పైన పూర్తవుతుంది. వడిసెలలోని రాయిలా ఆ విమానం పిడిని సుమారు నాలుగున్నర కిలోల బలంతో లాగుతుంది. లోపలి ప్రతి వస్తువూ తన బరువుకు రెండుంబావు రెట్ల బలంతో బయటి రెక్క వైపు నిరంతరం ఒత్తిడి పొందుతుంది. నూరు గ్రాముల బ్యాటరీ 225 గ్రాములకు పైగా బలంతో పక్కగోడను నెడుతుంటుంది. రేడియో విమానంలోలాగా వెల్క్రో పట్టీతో కింద అంటించి ఊరుకుంటే అది మెల్లగా జారుతుంది. కాబట్టి బ్యాటరీ గదికి బయటి వైపు గట్టి ప్లైవుడ్ గోడ ఉండాలి, బ్యాటరీ దానికి ఆని కూర్చోవాలి. వైరు ప్లగ్గులు కూడా ఆ లాగుడుకు ఊడని దిశలో ఉండాలి.

చోటు విషయంలో ముక్కే మంచిది. తీగ విమానం స్థిరంగా ఎగరాలంటే గురుత్వ కేంద్రం ముందుకు ఉండాలి. రెండు కిలోల మోడల్‌లో గురుత్వ కేంద్రానికి 30 సెంటీమీటర్లు వెనక నూరు గ్రాముల బ్యాటరీ పెడితే, ఆ కేంద్రం సుమారు 1.4 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. అంత తేడాతో విమానం పిడికి లొంగదు. సాప్‌విత్ క్యామెల్ వంటి మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాలకు ముక్కు మరీ పొట్టి. వాటి మోడళ్లకు ఎలాగూ ముందు సీసం పోయాల్సిందే. సీసానికి బదులు బ్యాటరీయే ఆ బరువైతే అది వ్యర్థం కాదు. గురుత్వ కేంద్రం మారితే రెక్క కొసన తీగలు బయటికి వచ్చే చోటును కూడా సర్దాలి. తీగలు ఆ కేంద్రానికి కాస్త వెనగ్గా వెలువడితేనే ముక్కు కొద్దిగా బయటికి తిరిగి తీగలు బిగువుగా ఉంటాయి. అందుకే తెలిసినవాళ్లు రెక్క కొసన తీగల దారిని ముందుకూ వెనక్కూ జరిపేలా కడతారు, బ్యాటరీని ఎక్కించాకే దాన్ని బిగిస్తారు. ఈ వరస తప్పడమే చాలా మోడళ్ల తొలి ఎగురుడులో చిక్కులకు మూలం.

ముక్కులో ఇంధనం ట్యాంకు కూడా ఉంటుంది. మిథనాల్, ఆముదం కలిసిన ఇంధనం కారితే నురుగు రబ్బరు నానుతుంది, వైర్లు జిడ్డుకడతాయి. రిసీవర్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇంజను అదురు తగలకుండా నురుగు రబ్బరు చుట్టి పెడతారు. సర్వోలను రబ్బరు గ్రోమెట్ల మీద, ఇత్తడి గొట్టపు ముక్కలతో బిగిస్తారు. స్విచ్ ఎగ్జాస్ట్ జిడ్డు పడని పక్కన ఉంటుంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది బెల్‌క్రాంక్, ఎలివేటర్ కడ్డీ దారి. ఆ దారిలోకి ఏ వైరూ వేలాడకూడదు. థ్రాటిల్ పోయినా విమానం దిగుతుంది, ఎలివేటర్ ఇరుక్కుంటే మిగిలేది ముక్కలే.

చక్రాలు ముడిచే యంత్రంలో ఈ పక్కలాగుడు ఇంకో చిక్కు తెస్తుంది. ముస్టాంగ్ విమానం కాళ్లు రెండూ నడుము వైపు ముడుచుకుంటాయి. లోపలి రెక్క కాలుకు వృత్తం బయటికి లాగే బలం తోడవుతుంది, బయటి రెక్క కాలు అదే బలానికి ఎదురీదాలి. ఒకే సర్వో రెండింటినీ లాగితే ఒకటి చటుక్కున లేచి మరొకటి సగంలో ఆగుతుంది. స్పిట్‌ఫైర్ కాళ్లు రెక్క కొసల వైపు ముడుచుకుంటాయి కాబట్టి అందులో ఇది తిరగబడుతుంది. వెనక్కి ముడుచుకునే పీ-40కి ఈ బాధ లేదు. అందువల్ల కాలుకో సర్వో పెట్టడం, కష్టపడే కాలుకు బలమైనది ఎంచడం మేలు.

థ్రాటిల్ చేతికి అందడంతో వచ్చిన ప్రమాదాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. వేగం సగమైతే తీగల లాగుడు పావు వంతవుతుంది. పైన చెప్పిన మోడల్ సెకనుకు పది మీటర్లకు దిగితే తీగల మీద కిలోకు కాస్త ఎక్కువ బలమే ఉంటుంది, విమానం బరువులో సగం. గాలి వాటున అది లోపలికి కొట్టుకొస్తే తీగలు వదులవుతాయి, పిడి తిప్పినా ఎలివేటర్ కదలదు. నెమ్మదిగా ఎగిరి మార్కులు తెచ్చుకోవాలంటే గాలి వీచే దిక్కు తెలిసి ఎగరేయాలి. ఆ నేర్పు ఏ రేడియో ఇవ్వదు.

బ్యాటరీల్లో నికెల్-కాడ్మియం తరవాత నికెల్-మెటల్ హైడ్రైడ్, ఆపైన లిథియం పాలిమర్ వచ్చాయి. లిథియం సెల్ సగటు వోల్టేజి 3.7, నిండా చార్జ్ చేస్తే 4.2, మూడు కంటే కిందికి దిగితే సెల్ పాడవుతుంది. రెండు సెల్స్ కట్ట 7.4 వోల్టులు ఇస్తుంది కాబట్టి 5 వోల్టుల సర్వోలకు మధ్యలో రెగ్యులేటర్ తప్పనిసరి. విద్యుత్ మోటారుతో ఎగిరే స్కేల్ మోడళ్లలో మోటారు బ్యాటరీ నుంచే స్పీడ్ కంట్రోలర్ ద్వారా రిసీవర్‌కు విద్యుత్తు వెళుతుంది, విడి బ్యాటరీ ఉండదు. బహుళ ఇంజన్ల బాంబర్లకు ఇది వరమైంది. గ్లో ఇంజన్లు నాలుగింటినీ ఒకే స్థాయిలో నడిపించడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు. నాలుగు విద్యుత్ మోటార్లు ఒకే ఆజ్ఞకు ఒకేలా స్పందిస్తాయి.

ఎగరేసేవాడి ఒక చేయి పిడికే అంకితం కనుక ట్రాన్స్‌మీటర్‌ను నడుముకు కట్టుకుని రెండో చేత్తో నడిపేవాళ్లున్నారు. చిన్న ట్రాన్స్‌మీటర్‌ను విప్పి దాని భాగాలను పిడిలోనే అమర్చి, బొటనవేలితో థ్రాటిల్ కదిలించేవాళ్లూ ఉన్నారు. విమానం ఎప్పుడూ 20 మీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి సంకేతం అందదన్న భయం లేదు. అయినా ఫెయిల్‌సేఫ్‌ను ముందే అమర్చాలి: సంకేతం తెగితే థ్రాటిల్ మూసుకోవాలి. రేడియో విమానంలో సంకేతం తెగితే విమానం దక్కకపోవచ్చు. తీగ విమానంలో ఇంజను ఆగుతుంది, మనిషి తీగలతో దాన్ని క్షేమంగా దింపుతాడు.

రేడియో చొరబడితే అది తీగ విమానమే కాదని వాదించేవాళ్లున్నారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది, వాదంలో లేదు. ఈ ఆటకు ప్రాణం తీగ బిగువులో విమానాన్ని చేతితో తెలుసుకోవడం. ఎలివేటర్ తీగ మీద ఉన్నంతకాలం అది ఎక్కడికీ పోదు. మూడో తీగ, విద్యుత్ తీగ చేసిన పనినే రేడియో తక్కువ బరువుతో చేస్తోంది.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకునే వీలు 2005లో కలిగింది. కంట్రోల్ లైన్ ఇక్కడ ముఖ్యంగా ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ద్వారా బతుకుతోంది. ఏరోమోడలింగ్ ఆ క్యాడెట్ల శిక్షణలో భాగం, అఖిల భారత వాయు సైనిక్ క్యాంపు పోటీల్లో కంట్రోల్ లైన్ ఒక అంశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ క్యాడెట్లు సికింద్రాబాద్‌లోని ఒకే డైరెక్టరేట్ తరఫున ఆ పోటీలకు వెళతారు.